పాశ్చర్ ఓడిపోయిన ప్రశ్న

పాశ్చర్ అంటే మనకు పాల ప్యాకెట్ మీది మాట, కుక్క కాటుకు వేసే సూది. నాకు మాత్రం ఆయన 25 ఏళ్ల వయసులో చేసిన పనే ఎక్కువ ఇష్టం.

1822లో ఫ్రాన్స్‌లోని డోల్‌లో, తోళ్లు పదునుచేసే వాళ్లింట్లో పుట్టాడు. బొమ్మలు బాగా గీసేవాడు. కెమిస్ట్రీలో వచ్చిన గ్రేడ్ అంతంతమాత్రం (బ్యాక్‌లాగులున్నవాళ్లు గుర్తుపెట్టుకోండి).

వైన్ పీపాల అడుగున పేరుకునేదాంట్లోంచి టార్టారిక్ యాసిడ్ తీసేవాళ్లు. మా ఉరవకొండలో పులుసైనా ఊరిబిండైనా పడాల్సిన చింతపండులో ఉండే పులుపూ ముఖ్యంగా ఇదే. దీని ద్రావణం పోలరైజ్డ్ కాంతిని కుడికి తిప్పుతుంది. దీనికి రెసిమిక్ యాసిడ్ అని ఒక కవల ఉంది. అణువులో అవే పరమాణువులు, అంతే లెక్క. కానీ కాంతిని అస్సలు తిప్పదు. ఎందుకని?

1848లో పాశ్చర్ ఆ కవల తాలూకు సోడియం అమ్మోనియం లవణాన్ని స్ఫటికాలుగా చేసి పరీక్షగా చూశాడు. రెండు రకాలు కనిపించాయి, మన కుడిచెయ్యి, ఎడమచెయ్యి లాగా. బియ్యంలో రాళ్లు ఏరినట్టు చిన్న పట్టకారుతో ఒక్కొక్కటీ ఏరి రెండు కుప్పలు పెట్టాడు. ఒక కుప్ప కాంతిని కుడికి తిప్పింది, రెండోది ఎడమకి! 74 ఏళ్ల బియో అనే పెద్దాయన నమ్మలేక, తన కళ్లముందే మళ్లీ చేయించుకున్నాడు. ఇంకో సంగతి. ఆ లవణం సుమారు 27 డిగ్రీల లోపైతేనే అలా విడివిడిగా స్ఫటికమవుతుంది. మా ఊరి ఏప్రిల్‌లో చేసుంటే ఏరడానికి ఏమీ ఉండేది కాదు.

తర్వాత ఒక బూజు కుడి రకాన్నే తిని ఎడమదాన్ని వదిలేయడం చూశాడు. అంటే ప్రాణానికి చేతివాటం ఉంది. అది ఎక్కడినుంచి వచ్చింది? విశ్వంలోనే ఒకవైపుకు మొగ్గే శక్తి ఏదో ఉందని ఆయన నమ్మకం. అయస్కాంతాల మధ్య స్ఫటికాలు పెంచాడు, మొక్కలకు ఎండ తిరుగు దిక్కున తగిలేలా చేయాలని చూశాడు. ఏదీ ఫలించలేదు. ముగ్గురు కూతుళ్లు చిన్నవయసులోనే పోయారు. 1868లో పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఆ తర్వాతే టీకాలు, పేరు. అయినా 1883లో పారిస్‌లో కెమిస్టుల ముందు మళ్లీ ఆ పాత ప్రశ్న మీదే మాట్లాడాడు. 1895లో పోయాడు, జవాబు దొరకకుండానే.

మన ప్రోటీన్లలో అమైనో ఆమ్లాలు ఎడమవి, డీఎన్‌ఏలో చక్కెర కుడిది. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర పడిన ఉల్కలో కొన్ని అమైనో ఆమ్లాలు ఎడమ రకం కాస్త ఎక్కువగా దొరికాయి. సరే, ఆ కాస్త ఎక్కువ మొత్తం ఎడమే ఎలా అయింది? కొద్దిపాటి తేడా తనంతట తనే పెరిగిపోయే రియాక్షన్‌ని 1995లో జపాన్‌లో సోఆయ్ బృందం చూపించింది. కాకపోతే అందులో వాడే జింక్ సమ్మేళనం నీళ్లు తగిలితే నిలవదు. ప్రాణం పుట్టిందేమో నీళ్లలో అంటున్నారు.