గుంటూరు ఆకాశంలో పసుపు గీత

మీ ఇంట హైస్కూలుకు వెళ్ళే బిడ్డ ఉంటే పదార్థం ఎన్ని స్థితులలో ఉంటుందో అడిగి చూడండి. ఘనం, ద్రవం, వాయువు అని తడుముకోకుండా చెబుతుంది. తరువాత, వేసవిలో మన కొత్తచెరువు వైపు కుంటలలోని నీళ్ళు ఏమయ్యాయని అడగండి. ఎండిపోయాయంటుంది. ఎండిపోయి ఎక్కడికి పోయాయి? ఆవిరై గాలిలో కలిశాయని ఇంకాస్త చురుకైన బిడ్డ చెప్పవచ్చు. గాలిలో ఉన్నాయని ఎలా తెలుసు, కంటికి కనిపించవు కదా అంటే మాత్రం చాలామంది ఆగిపోతారు. తప్పు బిడ్డలది కాదు. రాయిని చేతిలో పెట్టవచ్చు, నీళ్ళను గ్లాసులో పోసి చూపవచ్చు. వాయువు దగ్గరికి వచ్చేసరికి పంతులుగారికి పుస్తకంలోని చుక్కల బొమ్మే దిక్కు.

కనిపించని వాయువుకూ ఆనవాలు ఉంటుందనీ, దానిని నేల మీదా సూర్యునిలోనూ ఒకే పద్ధతిలో చదవవచ్చుననీ చూపిన ఒక పెద్దమనిషి మన తెలుగు నేలకు వచ్చి వెళ్ళారు. ఆయన పేరు పియెర్ జూల్ సీజర్ జాన్సెన్. క్విజ్ పుస్తకాలలో ఆయన ఒక్క వాక్యంగా మిగిలిపోయారు: 1868లో గుంటూరులో హీలియంను కనుగొన్న ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. ఆ వాక్యం పూర్తిగా నిజం కాదు. నిజమేమిటో తెలిస్తే ఆయన మీద గౌరవం తగ్గదు సరికదా, పాఠం కూడా బాగా అర్థమవుతుంది.

జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న పారిస్ నగరంలో పుట్టారు. తండ్రి సంగీతకారుడు. పసితనంలో ఆయా అజాగ్రత్త వల్ల జరిగిన ప్రమాదంలో కాలు దెబ్బతిని ఆయన జీవితాంతం కుంటుతూనే నడిచారు. ఆ కారణంగా బడికి పంపలేదు. ఇంటి పరిస్థితి బాగాలేక చిన్న వయసులోనే బ్యాంకులో ఉద్యోగానికి చేరారు. పని చేస్తూనే చదువుకుని 1852లో గణితంలో పట్టా, 1860లో డాక్టరేటు పొందారు. బడి ముఖం చూడని ఆ కుంటి పిల్లవాడు తరువాత పెరూ, ఇండియా, అల్జీరియా, జపాన్ చుట్టి వచ్చాడంటే నమ్మబుద్ధి కాదు.

ఆయన డాక్టరేటు అందుకునే నాటికి జర్మనీలో బున్సెన్, కిర్కాఫ్ అనే ఇద్దరు ఒక గొప్ప సంగతి తేల్చారు. బాగా వేడెక్కి వెలిగే వాయువు కాంతిని పట్టకం గుండా పంపితే ఇంద్రధనుస్సులాంటి నిండు పట్టీ రాదు. విడివిడి గీతలు వస్తాయి. ఏ మూలకం గీతలు దానివే. ఇది ఇంట్లోనే కొంత చూడవచ్చు. గ్యాస్ పొయ్యి నీలి మంట మీద చిటికెడు ఉప్పు చల్లండి. మంట పచ్చగా మారుతుంది. అది ఉప్పులోని సోడియం ఆనవాలు. ఈ పసుపు రంగును గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పని ఉంది.

జాన్సెన్ ఈ పద్ధతిని మన చుట్టూ ఉన్న గాలి మీదికి తిప్పారు. సూర్యకాంతి పట్టీలో కనిపించే నల్లని గీతలలో కొన్ని సూర్యునివి కావనీ, మన గాలి వల్ల ఏర్పడేవనీ ఆయన వాదం. నిరూపించటం ఎలా? 1864లో జెనీవా సరస్సు ఒడ్డున న్యోన్ అనే ఊళ్ళో పెద్ద కట్టెల మంట వేయించి, సుమారు 21 కిలోమీటర్ల దూరాన జెనీవా నుండి దానిని వర్ణపటదర్శినితో చూశారు. దగ్గరనుంచి చూస్తే లేని నల్లని గీతలు అంత దూరం నుంచి చూస్తే కనిపించాయి. సూర్యుని ప్రమేయం ఇందులో ఏమీ లేదు. మధ్యనున్నది గాలీ, దానిలోని తేమే. అంతటితో తృప్తిపడక 1866లో పారిస్ లోని లావిలెట్ గ్యాసు కర్మాగారంలో 37 మీటర్ల పొడవైన గొట్టంలో నీటి ఆవిరి నింపి, ఒక చివర దీపాలు వెలిగించి, రెండవ చివర నుండి చూశారు. ఆవిరి గీతలు స్పష్టంగా వచ్చాయి. మన కుంటలోంచి పోయిన నీళ్ళు గాలిలోనే ఉన్నాయనటానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఏముంటుంది? ఈ ప్రయోగాన్ని మన పాఠ్యపుస్తకాలలో ఒక పేరాగా అయినా చేర్చితే బాగుండును.

ఇక గుంటూరు సంగతి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం దక్కను మీదుగా, కృష్ణా తీరం వెంబడి సాగింది. మన అనంతపురం ప్రాంతం దాని దారికి దక్షిణాన ఉండిపోయింది, ఇక్కడ పాక్షికమే. జాన్సెన్ గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట మకాం పెట్టి యంత్రాలు అమర్చుకున్నారు. ఆంగ్లేయుడైన మేజర్ టెనెంట్ బృందం కూడా అదే ఊళ్ళో దిగింది. మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలోనూ, అదే వేధశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తిలోనూ కాచుకుని ఉన్నారు. వానాకాలమైనా గుంటూరులో ఆకాశం కరుణించింది.

సూర్యబింబం పూర్తిగా మూసుకుపోయినప్పుడు అంచున ఎర్రని జ్వాలలు లేచి కనిపించాయి. అవి ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. జాన్సెన్ వర్ణపటదర్శినిలో అవి నిండు పట్టీగా కాక ప్రకాశవంతమైన గీతలుగా విడిపోయాయి. అంటే అవి మండుతున్న రాళ్ళూ కావు, మేఘాలూ కావు, వెలిగే వాయువు. అందులో ముఖ్యమైనది హైడ్రోజన్. మన నీటిలో ఉన్న హైడ్రోజనే!

గ్రహణం నిలిచింది కొద్ది నిమిషాలే. ఆ గీతలు ఎంత గట్టిగా వెలిగాయంటే, గ్రహణం లేకుండానే వాటిని చూడవచ్చునని ఆయనకు తోచింది. మరునాడు ఉదయం సూర్యుని అంచుకు యంత్రం గురిపెట్టారు. మామూలు వెలుగు పట్టకం గుండా పోయేసరికి నీళ్ళు పోసిన మజ్జిగలా పరచుకుని పలచబడింది. వాయువు వెలుగు మాత్రం రెండు మూడు గీతలలోనే చిక్కగా నిలిచింది. ఆయన పదిహేడు రోజులు అలా చూస్తూనే ఉండి, ఆ ఫలితాలను సెప్టెంబరులో కాకినాడ నుండి పారిస్ అకాడమీకి రాసి పంపారు. ఈలోగా ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే ఆయన ఇండియాకు రాకుండానే అక్టోబరు 20న అదే పద్ధతిలో అవే గీతలను చూశారు. ఇద్దరి సమాచారమూ అక్టోబరు 26న ఒకే సమావేశంలో అకాడమీ ముందుకు వచ్చింది. ఎవరు ముందు అన్న తగాదా పెట్టుకోకుండా అకాడమీ ఇద్దరి ముఖాలూ ఉన్న పతకం పోయించింది.

మరి హీలియం? ఆ గ్రహణంలో పలువురు ఒక పసుపు గీతను చూశారు. ఉప్పు మంటలో కనిపించే సోడియం గీతే అది అని ఎక్కువమంది అనుకున్నారు. అది సరిగ్గా సోడియం స్థానంలో లేదేమోనన్న అనుమానం మచిలీపట్నంలో పోగ్సన్ కు కలిగింది. కొత్త మూలకం దొరికిందని గుంటూరులో జాన్సెన్ ప్రకటించలేదు. గీత స్థానాన్ని శ్రద్ధగా కొలిచి, అది సోడియం కాదనీ, భూమి మీద తెలియని పదార్థమనీ నిర్ణయించినవారు లాకియర్. గ్రీకులో సూర్యుని పేరుమీద దానికి హీలియం అని పేరు వచ్చింది. చాలామంది నమ్మలేదు. 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజం నుండి అదే వాయువును పట్టి చూపాక గాని సందేహం తీరలేదు. కనుక ఆ ఘనతను మన ఊళ్ళలో కాచుకున్నవారికీ, లండన్ లో కొలిచినవారికీ పంచాలి. బిడ్డలకు అలాగే చెప్పటం న్యాయం.

తరువాతి జీవితాన్ని త్వరగా చెబుతాను. 1870లో ప్రష్యా సేనలు పారిస్ ను ముట్టడించాయి. అల్జీరియాలో డిసెంబరు 22న గ్రహణం. శత్రువుల అనుమతితో బయటపడే ఏర్పాటు చేస్తామని ఇంగ్లండు మిత్రులు ముందుకొచ్చినా ఆయన ఒప్పుకోక, డిసెంబరు 2న బొగ్గు గ్యాసు నింపిన బెలూను ఎక్కి సైన్యాల తలల మీదుగా వెళ్ళిపోయారు. అంత సాహసం చేసి చేరుకుంటే ఓరాన్ లో ఆ రోజు మబ్బు పట్టింది! మరుసటి ఏడు నీలగిరులకు వచ్చి ఇంకొక గ్రహణం చూశారు. 1874లో జపాన్ లో సూర్యుని మీదుగా శుక్రుడు సాగటం చూశారు. తరువాత పారిస్ శివార్లలోని మ్యూడాన్ వేధశాలను స్థాపించి నడిపారు.

ముసలితనంలో ఆయన చేసిన పని ఒకటి పదార్థ పాఠానికి బాగా పనికివస్తుంది. సూర్యకాంతిలోని ఆక్సిజన్ గీతలు మన గాలివేనని తేల్చటానికి, గాలి పలచగా ఉండే మాంట్ బ్లాంక్ శిఖరం మీద, సుమారు 4,800 మీటర్ల ఎత్తున, వేధశాల కట్టాలనుకున్నారు. పునాదికి రాయి కోసం మంచులో సొరంగాలు తవ్వించినా రాయి తగలలేదు. గట్టిపడిన మంచు మీదే కట్టించారు. 1893లో 69 ఏళ్ళ వయసులో మంచుబండి మీద కూర్చుండి, మనుషులు లాగగా శిఖరం చేరారు. గీతలు ఆయన అనుకున్నట్లే ఎత్తుకు పోయినకొద్దీ సన్నగిల్లాయి. కట్టడం మాత్రం ఏడాదికేడాది ఒరిగి మంచులోకి దిగిపోయింది. 1909లో దానిని వదిలేయవలసి వచ్చింది. ఘనపదార్థానికి ఆకారం మారదని పుస్తకం చెబుతుంది. అంత బరువైన మంచు మాత్రం, ఘనంగా ఉంటూనే, నెమ్మదిగా జారుతుంది.

జాన్సెన్ 1907 డిసెంబరు 23న మ్యూడాన్ లో కన్నుమూశారు. ఏడు నెలలైనా తిరగకముందే, 1908 జూలై 10న, హాలండులోని లైడెన్ లో కామర్లింగ్ ఓన్స్ హీలియంను సున్నాకు దిగువ 269 డిగ్రీల చలిలో ద్రవంగా మార్చారు. అదే ఊళ్ళో 1926లో కీసమ్ దానిని ఘనంగా కూడా చేశారు, కాని చలి ఒక్కటే చాలలేదు. మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 25 రెట్ల ఒత్తిడితో అదిమితేగాని అది గడ్డకట్టదు. వేడి తీసేస్తే ప్రతి ద్రవమూ ఘనమవుతుందని నేర్చుకున్న బిడ్డకు ఇది కూడా చెప్పండి. మామూలు ఒత్తిడిలో ఎంత చల్లార్చినా హీలియం ద్రవంగానే ఉంటుంది.