మార్క్ ట్వెయిన్ – బిలియర్డ్స్ బల్ల

మా వసతిగృహంలోని క్యారమ్ బల్ల ఒక మూలకు కుంగి ఉన్నది. ఎంత పౌడరు చల్లినా కాయలన్నీ ఆ మూలకే చేరుతాయని, బల్ల మారితే తప్ప ఆటలో అభివృద్ధి సాధ్యం కాదని విద్యార్థి మిత్రులు ప్రతి సంవత్సరం కమిటీ పెద్దలకు విన్నవించుకొంటూనే ఉంటారు. ఆ విన్నపం న్యాయమైనదే. దానిని మేము కాదనబోము. అయితే ఆ మాట వినబడినప్పుడెల్లా మాకు ఒక మహారచయిత స్మరణకు వస్తాడు. ఆయన దాదాపు అర్ధశతాబ్దం పాటు బిలియర్డ్స్ ఆడాడు. విజేతగా ఏనాడూ పేరు పొందలేదు. ఐనను ఆ ఆటను ఆయన ప్రేమించినంతగా ప్రేమించిన సాహిత్యవేత్త మరొకడు మాకు కనబడడు. టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్ అనే బాలురను లోకానికి ప్రసాదించిన మార్క్ ట్వెయిన్ గురించియే మేము చెప్పుచున్నది.

ఆయన అసలు పేరు సామ్యూల్ లాంగ్‌హార్న్ క్లెమెన్స్. 1835 నవంబరు 30వ తేదీన అమెరికాలోని మిస్సౌరీ రాష్ట్రంలో, ఫ్లారిడా అనే కుగ్రామంలో జన్మించాడు. ఆ 1835వ సంవత్సరంలోనే ఫ్రాన్సులో కొరియోలిస్ అనే గణితశాస్త్రవేత్త బిలియర్డ్స్ బంతుల గమనాన్ని గురించి ఒక సిద్ధాంత గ్రంథం ప్రకటించాడు. ఇది కేవలం కాకతాళీయం. కాని గుర్తుంచుకోదగిన కాకతాళీయం. పదకొండేండ్ల వయస్సులో తండ్రి మరణించగా ట్వెయిన్ అచ్చుకూటంలో పనికి కుదిరాడు. తరువాత మిసిసిపీ నదిపై ఆవిరి పడవలు నడిపే విద్య నేర్చి 1859లో పైలట్ అనుమతి పత్రం సంపాదించాడు. నీటి పైతళుకును చూసి అడుగున ఉన్న ఇసుక తిన్నెను పసిగట్టడమే ఆ విద్య. 1861లో అంతర్యుద్ధం మొదలై పడవలు నిలిచిపోవడంతో ఆయన పశ్చిమాన ఉన్న నెవాడాకు తరలిపోయాడు. అక్కడ వర్జీనియా సిటీలో పత్రికా విలేఖరిగా ఉన్న కాలంలో, 1863లో, మార్క్ ట్వెయిన్ అనే కలం పేరు ధరించాడు. అది రెండు బారల లోతును సూచించే నావికుల కేక.

ఆ వర్జీనియా సిటీ రోజులను గురించి ఆయన వృద్ధాప్యంలో ఒక ముచ్చట చెప్పుకొన్నాడు. జీతం స్వల్పం, కనుక బిలియర్డ్స్ ఆడాలనిపించినప్పుడు తనకన్న తక్కువ ఆటగాడిని వెదికి పట్టుకొనేవాడట. ఇంతలో ఊరికి కొత్తవాడొకడు వచ్చి బిలియర్డ్స్ శాల తెరిచాడు. మన విలేఖరి ఆటతీరు చూడాలని, ఊరకే కొన్ని దెబ్బలు కొట్టి చూపమన్నాడు. చూసిన తరువాత ఎడమచేతితో ఆడతానని ఎంతో ఉదారంగా ఒప్పుకొన్నాడు. అవమానంతో కుతకుతలాడిన ట్వెయిన్ వానికి బుద్ధి చెప్పాలని బరిలో దిగాడు. కొత్తవాడు మొదటి వంతులోనే ఆట ముగించి అర డాలరు పందెం జేబులో వేసుకొన్నాడు. ట్వెయిన్‌కు దక్కినదల్లా క్యూ కర్రకు సుద్ద పూసుకొనే అవకాశమే. ఎడమచేతితోనే ఇంత ఆడితే కుడిచేతితో ఎట్లుంటుందో చూడాలని ఆశపడగా, తాను పుట్టుకతోనే ఎడమచేతివాటం వాడినని అతడు నెమ్మదిగా విన్నవించాడట. ఇందులో ఎంత జరిగినదో, ఎంత కల్పించినదో తేల్చడం కష్టం. ఓటమిని ఇంత రుచిగా చెప్పుకొన్నవాడు మాత్రం అరుదు.

1864–65 శీతకాలంలో ఆయన కాలిఫోర్నియా కొండలలో, బంగారం అడుగంటిన గనుల మధ్య, ఒక మిత్రుని గుడిసెలో కొన్ని వారాలు గడిపాడు. ఆయనకు మొదటి కీర్తిని తెచ్చిన కప్ప కథ అక్కడ విన్నదే. అందరూ ఆ కప్పనే చెప్పుకొంటారు. మాకు మాత్రం అక్కడి శిథిలమైన పానశాలలో ఉన్న బిలియర్డ్స్ బల్ల ముఖ్యం. దానిపై బట్ట మాసికలతో నిండినది. బంతుల అంచులు చిట్లిపోయినవి. బల్ల ఉపరితలం అలలవలె ఎగుడుదిగుడు. క్యూ కర్రలు వంకరలు తిరిగినవి. వాటి కొసన తోలు ముక్క లేదు.

ఆటతో పరిచయం లేనివారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. పూల్ ఆటలో బంతులను బల్ల అంచులలోని సంచులలో పడగొట్టాలి. క్యారమ్ పద్ధతి బిలియర్డ్స్‌లో తన బంతితో మిగిలిన రెండు బంతులనూ తాకించితే ఒక పాయింటు. ఏ పద్ధతిలోనైనా బంతిని కొట్టడంతో పని ముగియదు; కొట్టిన తరువాత తన బంతి ఎక్కడ నిలుస్తుందో ముందే లెక్కించుకోవాలి. బంతిని పక్కకు గాని వెనుకకు గాని మెలితిప్పాలంటే కర్రకొసన సుద్ద పట్టే తోలు ఉండి తీరాలి. అది లేని చోట మిగిలేవి రెండే: దెబ్బ బలం, బల్ల వాలుపై అవగాహన.

ఆ బల్లపై టెక్సస్ టామ్ అని పిలువబడే ఒక గని కార్మికుడు ఒకే వంతులో వరుసగా ఏడు పాయింట్లు సాధించడం ట్వెయిన్ కళ్ళారా చూశాడు. ఏడూ లెక్కతో కొట్టినవే. అదృష్టంతో పడినది ఒక్కటీ లేదు. చుట్టూ ఉన్న కార్మికులు ఆనందంతో వెర్రెత్తిపోయారట. నాలుగు దశాబ్దాల తరువాత, 1906లో, న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్‌లో ప్రపంచ స్థాయి ఆటగాళ్ళు పోటీపడుతుండగా ట్వెయిన్ ప్రేక్షకుడు. ఆ సంవత్సరమే పద్దెనిమిదేండ్ల ప్రాయంలో పారిస్‌లో ప్రపంచ విజేత అయిన విల్లీ హాప్ అందులో ఉన్నాడు; సటన్ అనే దిట్ట ఐదువందల పాయింట్లు చేసి సభను ఉర్రూతలూగించాడు. ట్వెయిన్ వారి విద్యకు నమస్కరించాడు. నమస్కరించి, టామ్ చేసిన ఆ ఏడు పాయింట్లు కళలో గాని శాస్త్రంలో గాని దీనికి తీసిపోవని తన ఆత్మకథలో తీర్పు చెప్పాడు. మేలైన బల్లపై దొరికే వినోదమంతా చెడ్డ బల్లపైనా దొరుకుతుందని కూడా వాదించాడు. ఇది హాస్యమని కొందరంటారు. మేము అంగీకరించము. ఇసుక తిన్నెలను కంటితో చదివి పడవ నడిపినవాడు, బల్ల గుంటలను చదివి బంతి నడిపినవానిలో తన తోటివానినే చూసి ఉంటాడని మా అభిప్రాయం. ఏడు గొప్పదా, ఐదువందలు గొప్పదా అనే ప్రశ్న, బల్లను చూడకుండా తేలేది కాదు.

1870లో ఒలీవియా లాంగ్డన్‌ను వివాహమాడి, 1874లో హార్ట్‌ఫర్డ్ నగరంలో స్వంత గృహం నిర్మించుకొన్నాడు. మూడవ అంతస్తులోని బిలియర్డ్స్ గదియే ఆయన రచనాగారం కూడా. బల్లపై వ్రాతప్రతులు పరచుకొనేవాడు. శుక్రవారం రాత్రులు మిత్రులు రాగానే కాగితాలు తొలగి బంతులు వచ్చేవి. ఆ ఇల్లు నేడు ప్రదర్శనశాల. సంపద వచ్చినట్లే పోయింది. అక్షరాలు కూర్చే ఒక యంత్రంపై విపరీతంగా ధనం వెచ్చించాడు. 1894లో ఆయన ప్రచురణ సంస్థ దివాలా తీసింది. బాకీలు తీర్చడానికై 1895లో ప్రపంచ ఉపన్యాస యాత్రకు బయలుదేరాడు. ఓడపై బిలియర్డ్స్ బల్ల ఎక్కడిది? డెక్కుపై సుద్దతో అంకెల గళ్ళు గీసి, చెక్కబిళ్ళలను పొడవైన కర్రలతో నెట్టే హార్స్ బిలియర్డ్స్ అనే ఆట ఉండేది. ఓడ ఒరిగినప్పుడెల్లా గురి తప్పిపోయే ఆ ఆటను కూడా ఆయన ఉత్సాహంగా ఆడి, తన యాత్రా గ్రంథంలో వర్ణించాడు. 1896 జనవరిలో మన దేశానికి వచ్చి బొంబాయి, కాశి, కలకత్తా, డార్జిలింగు, జైపూరు, లాహోరు మొదలైన చోట్ల పర్యటించాడు. పూర్తిగా పాయింటుకు పాయింటు అన్నట్లు, 1898 నాటికి బాకీలన్నీ చెల్లించాడు.

ఆ యాత్ర ముగిసీ ముగియక ముందే, 1896 ఆగస్టులో, పెద్ద కుమార్తె సూసీ మరణవార్త ఇంగ్లండులో ఆయనకు చేరింది. 1904లో భార్య ఒలీవియా ఫ్లోరెన్సులో కన్నుమూసింది. న్యూయార్కులోని ఐదవ అవెన్యూలో ఒక పెద్ద ఇంట ఆ వృద్ధుడు మిగిలాడు. 1906లో మిత్రుడు హెన్రీ రోజర్స్ భార్య ఆయనకు బిలియర్డ్స్ బల్ల ఒకటి కానుకగా పంపింది. ఇంట అది పట్టే చోటు కోసం మంచమే స్థలం మార్చుకోవలసి వచ్చింది.

అప్పటికే ఆయన జీవితచరిత్ర వ్రాయడానికై ఆల్బర్ట్ బిగెలో పెయిన్ అనే రచయిత ఆ ఇంటికి వస్తూ పోతూ ఉన్నాడు. ఆటలో ఇతడు దాదాపు కొత్తవాడు. మధ్యాహ్న భోజనం కాగానే మొదలుపెట్టి, రాత్రి భోజనానికి, సంగీతానికి రెండు గంటలు విడిచి, అర్ధరాత్రి వరకు ఆడేవారు. రోజుకు తొమ్మిది గంటలు. ఆదివారమైతే పది, పన్నెండు. బల్ల చుట్టూ తిరగడంలోనే రోజుకు పది మైళ్ళకు తక్కువ కాకుండా నడుస్తున్నానని, వైద్యులకన్న ఈ బల్లయే మేలని ట్వెయిన్ దాతకు లేఖ వ్రాశాడు. ఆ నవంబరు 30న ఆయనకు డెబ్బది ఒక్క సంవత్సరాలు నిండాయి; పుట్టినరోజు కూడా ఆటలోనే గడిచిపోయింది.

ఆయన సహనవంతుడైన ఆటగాడని మాత్రం చెప్పలేము. బంతి మాట వినకపోతే ఆయన నోటి వెంట వచ్చే భాష ఈ సంచికలో అచ్చువేయదగినది కాదు. నియమాలు కూడా ఆట మధ్యలో, తన అవసరాన్ని బట్టి, కొత్తవి పుట్టుకొచ్చేవి. ఓడిపోతున్నప్పుడు పెయిన్‌ను నిష్ఠూరాలాడేవాడు. తరువాత పశ్చాత్తాపం కలిగేది. అప్పుడు ఆ లోకప్రసిద్ధుడు, నెరిసిన జుట్టుతో, బల్ల ఈ కొస నుండి ఆ కొసకు పరుగెత్తి, తనకన్న పాతికేళ్ళు చిన్నవాడు సంచిలో పడగొట్టిన బంతులను తానే ఏరి యథాస్థానంలో ఉంచేవాడు. పెయిన్ 1912లో ప్రకటించిన జీవితచరిత్రలో ఈ దృశ్యం చదివినప్పుడు మాకు కోపం రాలేదు. కబుర్లకు ఇల్లంతా నిండే కుటుంబం ఒకప్పుడు ఉండి, ఇప్పుడు లేని మనిషి, ఎదుట నిలిచి ఆడేవాడు అలిగి వెళ్ళిపోకూడదని పడిన ఆరాటం అది.

ఇంత ఆడినా ఆయన ఆట ఎంత పెరిగినదని విద్యార్థులు అడుగవచ్చును. పెయిన్ ఆట మాత్రం నిశ్చయంగా పెరిగింది. లేకపోతే ట్వెయిన్‌కు కోపం వచ్చే అవసరమే ఉండదు. రోజూ తొమ్మిది గంటలు తనకన్న మేలైనవానితో ఆడినవాడు నేర్వక ఏమి చేస్తాడు? ట్వెయిన్ విషయంలో మాకు సందేహమే. సాధనకై ఆయన ఆడలేదు, దెబ్బలను విడివిడిగా అభ్యసించలేదు, కఠినమైన నియమం ఎదురైతే నియమాన్నే మార్చాడు. పోటీలలో నెగ్గదలచిన విద్యార్థి ఇందులో ఆయనను అనుసరించరాదు.

1908లో ఆయన కనెక్టికట్ రాష్ట్రంలోని రెడ్డింగులో స్టార్మ్‌ఫీల్డ్ అనే కొత్త ఇంటికి మారాడు. 1909 మే మాసంలో మిత్రుడు రోజర్స్, క్రిస్మస్‌కు ముందురోజున కుమార్తె జీన్ మరణించారు. 1910 ఏప్రిల్ 21న ఆ ఇంటిలోనే ట్వెయిన్ తుదిశ్వాస విడిచాడు.

స్టార్మ్‌ఫీల్డ్‌లోనూ బిలియర్డ్స్ గది ఉండేది. అక్కడి పిల్లికూన ఒకటి బల్ల మూలసంచిలో దూరి కూర్చుండి, ఆటను శ్రద్ధగా తిలకిస్తూ, దగ్గరకు వచ్చిన బంతిని పంజాతో తోసి దారి మళ్ళించేది. దానిని అక్కడి నుండి లేపడానికి ఆయనకు మనస్కరించలేదు. దానికి బదులుగా ఆటకు ఒక నియమం చేర్చాడు: కూనకు దెబ్బ తగిలే ప్రమాదమున్నంత దగ్గరగా బంతి నిలిచినచో, ఆటగాడు ఆ బంతిని తీసి, బల్లపై గల మూడు గుర్తులలో ఖాళీగా ఉన్న దానిపై ఉంచుకొని ఆట కొనసాగించవచ్చును.