నవ్విన నాపచేనే పండింది

ఫైనల్ రౌండ్ దాకా వెళ్లారు. ప్యానెల్లో ఒకాయన మీ ప్రాజెక్టు చూసి చిన్నగా నవ్వాడు. బయటికొచ్చేసరికి ఒళ్లు మండిపోతోంది. క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఆ కంపెనీని ఏకిపారేయాలని వేళ్లు తహతహలాడుతున్నాయి. ఒక్క పది నిమిషాలు ఆగండి. అలాంటి నవ్వే మన కృష్ణా జిల్లా కుర్రాడు ఒకరికి ఎదురైంది. ఆ నవ్వుని ఆయన ఏం చేసుకున్నాడో చదివాక, ఆ మెసేజ్ పంపాలో వద్దో మీరే తేల్చుకోండి.

ఆ కుర్రాడి పేరు ఘంటసాల వెంకటేశ్వరరావు.

పదకొండేళ్లకే తండ్రి లేడు

గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టారాయన. తండ్రి సూర్యనారాయణ మృదంగం వాయిస్తూ నారాయణ తీర్థుల తరంగాలు పాడేవారు. ఆ పాటకు చిన్నారి ఘంటసాల గంతులేస్తుంటే జనం ముచ్చటపడి బాలభరతుడు అని పిలిచేవారు. కొడుకు పెద్ద సంగీత విద్వాంసుడు కావాలన్నది తండ్రి కోరిక. అది తీరకుండానే, అబ్బాయికి పదకొండేళ్లప్పుడు ఆయన కన్నుమూశారు. తల్లి రత్తమ్మతో కలిసి మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య నీడకు చేరాల్సి వచ్చింది.

ఆ రోజుల్లోనే పక్క ఊళ్లో ఒక కచేరీ జరిగింది. అక్కడి విద్వాంసులతో పోటీపడి పాడబోయి, ఓడిపోయి, అందరిముందూ నవ్వులపాలయ్యాడు. మీ ఇంటర్వ్యూ గదిలో నవ్వింది ఒక్కరే. ఇక్కడ సభ మొత్తం.

నాకు పాట రావడం లేదు అన్న మాట ఒప్పుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. నవ్వినవాళ్లకి పొగరనుకుని సరిపెట్టుకోవచ్చు. కానీ నవ్వులో ఉన్న నిజాన్ని తీసుకుని, సంగీతం నేర్చుకుని తీరాలని బయల్దేరాడు ఆ కుర్రాడు. నలభై రూపాయల విలువైన ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకే అమ్మేసి విజయనగరం చేరాడు.

చేయని తప్పుకు శిక్ష

తీరా వెళ్తే వేసవి సెలవులు. సంగీత కళాశాల మూసి ఉంది. ప్రిన్సిపాల్ ద్వారం వెంకటస్వామినాయుడు దయతలచి ఆవరణలో ఉండనిచ్చారు. భోజనానికి వారాలు కుదిరాయి. అంటే రోజుకొకరి ఇంట్లో అన్నం. హమ్మయ్య అనుకునేలోపే మరో దెబ్బ. తోటి విద్యార్థులు చేసిన తప్పు ఈయన మెడకు చుట్టుకుంది. కళాశాల నుంచి పంపించేశారు. సంగతి తెలిసి, వారాలు పెట్టే ఇళ్లవాళ్లూ రావద్దన్నారు.

ఓడిపోతే వచ్చే కోపం వేరు, చేయని తప్పుకు శిక్ష పడితే వచ్చే కోపం వేరు. రెండోదాన్ని దిగమింగడం పెద్దవాళ్లకే కష్టం. ఎవరితోనైనా గొడవపడి గుడివాడ రైలెక్కేసినా ఎవరూ తప్పుపట్టరు. ఆయన మాత్రం ఒక గుళ్లో తలదాచుకున్నాడు, ఊరు వదల్లేదు. పట్రాయని సీతారామశాస్త్రి ఆ కుర్రాడిని చేరదీసి, పైసా తీసుకోకుండా పాఠం మొదలుపెట్టారు. శాస్త్రిగారూ ఉన్నవారేం కాదు. అందుకే శిష్యుడు భుజాన జోలె వేసుకుని వీధివీధి తిరిగి మధుకరం ఎత్తుకున్నాడు. రాత్రికి దాచుకున్న అన్నానికి చీమలు పట్టేవి.

సెలవులయ్యాక, తనను బయటికి పంపిన ఆ కళాశాలలోనే చేరాడు. నాలుగేళ్ల కోర్సుని రెండేళ్లలో పూర్తిచేశాడు. ఆ గడప మళ్లీ తొక్కను అని పంతం పట్టి ఉంటే నష్టం కళాశాలకు కాదు కదా. రిజెక్ట్ చేసిన కంపెనీకి ఆర్నెల్ల తర్వాత మళ్లీ అప్లై చేయడం నామోషీ అనుకునేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

అణిగిమణిగి ఉండమని కాదు

ఇదంతా చదివి, ఎవరేమన్నా తలొంచుకోమంటున్నానని అనుకోకండి. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో దిగి జైలుకు వెళ్లిన మనిషి ఆయన. కోపం ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలుసుకోవడమే అసలు కిటుకు. ఉద్యోగం ఇప్పిస్తామని డిపాజిట్ కట్టించుకుని మాయమయ్యే కన్సల్టెన్సీ మీద మీకు కోపం రావాల్సిందే. దాన్ని స్టేటస్‌లో తిట్లుగా కాకుండా, రసీదులు జతచేసి పోలీసు ఫిర్యాదుగా రాయండి.

గొంతు పనికిరాదన్నారు

1944లో పెళ్లయింది. సముద్రాల రాఘవాచార్య భరోసాతో మద్రాసు వెళ్లారు. వాళ్లిల్లు చిన్నది, భారం కాకూడదని పానగల్ పార్కు దగ్గర తలదాచుకున్నారు. ఒక రికార్డింగ్ సంస్థకు వెళ్తే గొంతు పనికిరాదని పంపేశారు. గాయకుడికి అంతకన్నా పెద్ద రిజెక్షన్ ఏముంటుంది? కోరస్‌లో పాడారు. చిన్నాచితకా వేషాలు వేశారు. దొరికిన పని ఏదైనా చేస్తూ స్టూడియోల చుట్టూ తిరిగారు. అదే సంస్థలో తర్వాత పేకేటి శివరాం పూనుకుని ఆయన పాట రికార్డు చేయించారు. 1945లో ‘స్వర్గసీమ’లో భానుమతితో గొంతు కలిపారు. 1949లో ‘మనదేశం’కు సంగీత దర్శకుడయ్యారు. 1951లో ‘పాతాళభైరవి’, 1957లో ‘మాయాబజార్’. ఆ తర్వాతి కథ మీ తాతయ్యను అడగండి, పాడి మరీ వినిపిస్తారు.

ఒక్క టేకులో ఏడుపు, కోపం

ఆడియో టెక్నాలజీ మీద ఆసక్తి ఉన్నవాళ్లు గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఇప్పుడు పాటని ముక్కలుముక్కలుగా రికార్డు చేసి అతికిస్తారు, శృతి తప్పితే సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది. అప్పట్లో వాద్యబృందమంతా కూర్చుని వాయిస్తుంటే గాయకుడు పాట మొత్తం ఒకేసారి పాడాలి. ఎక్కడ తేడా వచ్చినా అందరూ మళ్లీ మొదటి నుంచి. ‘దేవదాసు’లో ఆ విషాదం, పౌరాణికాల్లో ఆ పద్యాల రౌద్రం అలా రికార్డైనవే. వినేవాళ్లకి కన్నీళ్లు రావాలి. పాడేవాడు నిజంగా ఏడిస్తే గొంతు పూడుకుపోయి శృతి పోతుంది. భావం నిండుగా ఉండాలి, ఊపిరి మాత్రం తన అదుపులో ఉండాలి. జోలె పట్టి నేర్చిన సాధన అక్కడ పనికొచ్చింది.

ఇంటర్వ్యూ గదిలో మీకు జరిగేదీ అదే. ఇబ్బందిపెట్టే ప్రశ్న పడగానే ఊపిరి పైపైనే ఆడుతుంది, గొంతు వణుకుతుంది, తెలిసిన జవాబూ గుర్తురాదు. ఊపిరిని నిదానంగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. ఆ నాలుగు సెకన్లు తీసుకున్నందుకు ఎవరూ మార్కులు తగ్గించరు.

ఇలా చేసి చూడండి

- రిజెక్ట్ అయిన రోజు ఎవరికీ ఏమీ రాసి పంపొద్దు. రాయాలనిపిస్తే ఫోన్ నోట్స్‌లో రాసుకుని, మర్నాడు పొద్దున చదవండి.
- ఆ విమర్శలో నిజం ఎంతో ఒక్క వాక్యంలో రాయండి. డేటాబేస్ ప్రశ్నలకు తడబడ్డాను అన్నట్టు. ఆ వాక్యమే వచ్చే నెల సిలబస్.
- నిజంగా అన్యాయం జరిగితే ఆధారాలతో, తేదీలతో ఫిర్యాదు చేయండి. అరుపుకన్నా కాగితం ఎక్కువ దూరం వెళ్తుంది.
- మాక్ ఇంటర్వ్యూలో స్నేహితుణ్ని కావాలనే ఎగతాళి చేయమనండి. జవాబు తప్పినా ఫర్వాలేదు, గొంతు పెరగకుండా చూసుకోండి.

ఘంటసాలకు 1970లో పద్మశ్రీ వచ్చింది. 1974 ఫిబ్రవరి 11న ఆయన వెళ్లిపోయారు. జీవితం చివర్లో, ఆరోగ్యం బాగోలేని రోజుల్లో పాడిన భగవద్గీత ఇప్పటికీ మన ఊళ్లలో మోగుతూనే ఉంది. కోపం వస్తే వివేకం పోతుందని, అది పోతే జ్ఞాపకం చెదిరి బుద్ధే నశిస్తుందని గీత చెబుతుంది. ఈసారి గుళ్లో మైకులోంచి ఆ గొంతు వినబడితే ఒక్క నిమిషం నిలబడి వినండి. ఒకప్పుడు పనికిరాదన్న గొంతు అదే.