సత్యమును కొలిచిన స్త్రీ – కాథ్లీన్ లాన్స్‌డేల్

క్రైస్తవ జీవిత చరిత్రలు చెప్పుకొనునప్పుడు మనము సాధారణముగా మిషనెరీలను, సంఘ సంస్కర్తలను, గీతకర్తలను స్మరించుచుందుము. ప్రయోగశాలలో యంత్రముల నడుమ, సంఖ్యల పట్టికల నడుమ జీవితము గడిపిన వారిని దేవుని సేవకుల వరుసలో నిలుపుట మనకంతగా అలవాటు లేదు. అయితే భిలాయి ఉక్కు నగరములో, కోహ్కా మొదలగు పేటలలో స్థిరపడిన మన తెలుగు కుటుంబముల పిల్లలు అనేకులు నేడు భౌతిక, రసాయన శాస్త్రములు చదువుచున్నారు. వారిలో కొందరు పరిశోధనను జీవిత వృత్తిగా ఎన్నుకొనగోరుచున్నారు. ఆ వృత్తిలో విశ్వాసి యెట్లు నడుచుకొనవలెను? ఈ ప్రశ్నకు ఒక స్త్రీ తన జీవితముతోనే జవాబిచ్చెను. ఆమె పేరు కాథ్లీన్ లాన్స్‌డేల్.

ఆమె 1903 జనవరి 28వ తేదీన ఐర్లండు దేశములోని న్యూబ్రిడ్జి అను ఊరిలో జన్మించెను. తండ్రియైన హారీ యార్డ్‌లీ అచ్చటి తపాలా అధికారి. తల్లి జెస్సీ నిష్ఠగల బాప్టిస్టు విశ్వాసి. పదిమంది సంతానములో కాథ్లీన్ కడగొట్టు బిడ్డ. అన్నలలో నలుగురు పసితనముననే మరణించిరి. 1908లో తల్లి బిడ్డలను వెంటబెట్టుకొని ఇంగ్లండునకు తరలి వచ్చి, లండను సమీపమున సెవెన్ కింగ్స్ అను చోట కాపురముండెను. ఇల్లు పేదదే గాని, తల్లి బిడ్డలకు ప్రార్థనయు చదువుయు నేర్పెను.

ఇల్‌ఫర్డులోని బాలికల పాఠశాలలో ఆ దినములలో భౌతిక, రసాయన శాస్త్రములును ఉన్నత గణితమును బోధించు ఏర్పాటు లేకుండెను. గనుక ఈ బాలిక ఆ పాఠములకై బాలుర పాఠశాలకు వెళ్లి కూర్చుండెను. పదునారవ యేటనే లండనులోని బెడ్‌ఫర్డు మహిళా కళాశాలలో చేరి, 1922లో పట్టపరీక్షయందు విశ్వవిద్యాలయమంతటిలో ప్రథమ స్థానము పొందెను. ఆ పరీక్షాధికారులలో ఒకరు సర్ విలియం హెన్రీ బ్రాగ్. ఆయన తన కుమారునితో కూడ 1915లో నోబెల్ బహుమానమందుకొనిన పండితుడు, క్రైస్తవ విశ్వాసి. ఆ బాలిక వ్రాసిన జవాబులు చూచి, తన పరిశోధన బృందములోనికి ఆమెను పిలిచెను. 1923లో ఆ బృందము, ఒకప్పుడు మైకేల్ ఫారడే పనిచేసిన రాయల్ ఇన్‌స్టిట్యూషనునకు మారెను.

ఆ పని యెట్టిదో కొంచెము వివరించుట అవసరము. 1895లో రాంట్‌జెన్ కనుగొనిన ఎక్స్-కిరణములు మాంసమును దాటి ఎముకను చూపునని అందరికిని తెలియును. 1912లో జర్మనీ దేశమున లావే అను పండితుని ఆలోచననుబట్టి మరియొక సంగతి వెల్లడియాయెను. ఉప్పురాయివంటి స్ఫటికములో పరమాణువులు వరుసలుగా కూర్చబడియుండును. ఎక్స్-కిరణములు ఆ వరుసలకు తగిలి కొన్ని దిక్కులకు మాత్రమే బలముగా చెదరును. ఛాయాచిత్రపు పలకమీద అవి చుక్కలుగా పడును. ఆ చుక్కల స్థానమును, కాంతిని కొలిచి, లెక్కకట్టినయెడల, కంటికెన్నడు కనబడని పరమాణువు ఎచ్చట నున్నదో చెప్పవచ్చును. నేడు రెండు నిమిషములలో యంత్రము చేయు లెక్కను ఆ దినములలో సంవర్గమాన పట్టికలు ముందు పెట్టుకొని నెలలకొలది చేతితో చేయవలసియుండెను. ఓర్పు లేనివారికి అది తగిన పని కాదు. స్ఫటికములలో పరమాణువులు అమరుటకు 230 విధములు మాత్రమే కలవని గణితము చెప్పుచున్నది. వాటిని ఎక్స్-కిరణములతో గుర్తించుటకు కావలసిన పట్టికలను ఆమె ఆస్ట్‌బరీ అను సహచరునితో కలిసి 1924లో ప్రకటించెను. అప్పటికి ఆమె వయస్సు 21 సంవత్సరములు.

1927లో ఆమె థామస్ లాన్స్‌డేల్ అను తోటి పరిశోధకుని వివాహమాడి లీడ్సు నగరమునకు వెళ్లెను. ఇక విజ్ఞానము విడిచి మంచి గృహిణిగా ఉండెదనని ఆమె తలంచెను. ఆమెను వారించినది భర్తయే. దేవుడిచ్చిన తలాంతును పాతిపెట్టుటకు ఆయన ఒప్పుకొనలేదు. లీడ్సులోనే ఆమె తన గొప్ప పనిని నెరవేర్చెను. రసాయన శాస్త్రమందు బెంజీను అను పదార్థము మిక్కిలి ముఖ్యమైనది. రంగులు, మందులు మొదలైన అనేక వస్తువులకు దాని అణువు పునాదివంటిది. ఆరు కర్బన పరమాణువులు ఉంగరమువలె కూడియున్నవని 1865లోనే కేకులే ప్రతిపాదించియుండెను. అయితే ఆ ఉంగరము పలకవలె చదునుగా నున్నదా, వజ్రములో వలె వంకరలుగా నున్నదా యని అరువది యేండ్లకు పైగా పండితులు వాదించుచుండిరి. ఇంగోల్డ్ అను ఆచార్యుడిచ్చిన హెక్సామిథైల్ బెంజీను స్ఫటికములను కాథ్లీన్ పరీక్షించి, ఆ ఉంగరము చదునైన సమషడ్భుజియని 1929లో నిరూపించెను. వాదము అంతటితో ముగిసెను. ఆ సంవత్సరమే ఆమెకు మొదటి బిడ్డ పుట్టెను.

తరువాత కుటుంబము లండనునకు తిరిగి వచ్చెను. 1931లో రెండవ కుమార్తె, 1934లో కుమారుడు జన్మించిరి. పసిబిడ్డలను పెంచుచు ఆమె ఇంటనే కూర్చుండి లెక్కలు చేసెను. బ్రాగ్ దొర ఇంటిపనికి మనిషిని పెట్టుకొనుటకు ధనసహాయము సమకూర్చి ఆమెను తిరిగి పిలిపించెను. ఆమె వచ్చినప్పుడు అచ్చట ఎక్స్-కిరణ యంత్రమేదియు ఖాళీగా లేకుండెను. గొణుగక, అచ్చట నున్న పెద్ద విద్యుదయస్కాంతమును తీసుకొని, స్ఫటికముల అయస్కాంత గుణములను కొలుచుట ప్రారంభించెను. ఈ విషయములో మన దేశపు శాస్త్రజ్ఞుడైన కె. యస్. కృష్ణన్‌తో కలిసి 1936లో ఒక పరిశోధన పత్రమును ప్రకటించెను. ఆ సంవత్సరమే 230 అమరికల సూత్రములు గల గ్రంథమును కూడ వెలువరించెను. దాని పుటలన్నియు ఆమె స్వహస్తముతో వ్రాసినవే.

ఇంతవరకు చెప్పినది ప్రతిభగల విద్వాంసురాలి కథ. ఇక ఆమె విశ్వాసమునుగూర్చి చెప్పవలెను. 1935లో ఆమెయు భర్తయు మిత్రుల సమాజమున, అనగా క్వేకరులలో, చేరిరి. వీరికి బోధకవర్గము లేదు. బాప్తిస్మమును, ప్రభురాత్రి భోజనమును బాహ్యాచారములుగా జరుపరు. మౌనముగా కూడుకొని దేవుని ఆత్మకొరకు కనిపెట్టుదురు. సంస్కారముల విషయమై మన సంఘములు వీరితో ఏకీభవింపవు, ఏకీభవింపవలెననియు నేను చెప్పను. అయితే యుద్ధమునందు పాలు పొందరాదను వారి సాక్ష్యము మూడు శతాబ్దములకు పైబడినది. నేడు నర్మదాపురమని పిలువబడు హోషంగాబాదు ప్రాంతమున 19వ శతాబ్దమందే వీరు సేవ ప్రారంభించిరి గనుక, మధ్యభారతములోని విశ్వాసులకు వారి పేరు కొత్తది కాదు.

రెండవ ప్రపంచ యుద్ధము వచ్చెను. లండను నగరముపై బాంబులు కురియుచుండగా, నిప్పంటుకొనకుండ రాత్రివేళ కావలి కాయుటకు పౌరులు పేర్లు నమోదు చేసికొనవలెనని ప్రభుత్వము శాసించెను. పొరుగువారి ఇండ్లను కాపాడు ఈ పనికి కాథ్లీన్‌కు ఆక్షేపణ లేదు. దానిని ఆమె స్వచ్ఛందముగా చేయుచునే యుండెను. చిన్నపిల్లల తల్లి గనుక నమోదు చేసికొనినను ఆమెకు మినహాయింపు దొరికియుండెడిది. అయితే మనస్సాక్షినిబట్టి నిరాకరించువారికి ఆ శాసనములో తావు లేదు. యుద్ధప్రయత్నములో భాగమైన ఆ నిర్బంధమునకు తన పేరు ఇయ్యనని ఆమె నిశ్చయించుకొనెను. న్యాయస్థానము రెండు పౌనుల జరిమానా విధించెను. దానిని చెల్లింప నిరాకరించుటచేత, 1943లో ఒక నెల శిక్ష పొంది హాలోవే స్త్రీల చెరసాలకు పంపబడెను. ఇంట ముగ్గురు బిడ్డలు ఉండిరి. కనిష్ఠునికి ఎనిమిది, తొమ్మిది యేండ్లు.

రెండు పౌనులు ఆమెకు భారమైన మొత్తము కాదు. చెల్లించి ఇంటికి వెళ్లినయెడల ఎవరును నిందించియుండరు. తల్లి లేని యింటిలో బిడ్డల కష్టమును తలంచి, ఆమె చేసినది తగునా యని అడుగువారును ఉందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. పై అధికారులకు లోబడుడని రోమా పత్రిక 13వ అధ్యాయము బోధించుచున్నది. మనుష్యులకంటె దేవునికే లోబడవలెనని అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయమందు పేతురును తోటి అపొస్తలులును నిలిచిరి. ఈ రెంటిని ఒకే చేతిలో పట్టుకొనుట విశ్వాసికి సులభము కాదు. కాథ్లీన్ నడచిన త్రోవను గమనించుడి: ఆమె దాగుకొనలేదు, అబద్ధము చెప్పలేదు, న్యాయాధిపతిని దూషింపలేదు. శాసనమును మీరి, దానికి శాసనమే విధించిన శిక్షను బహిరంగముగా అంగీకరించెను. దేవునికి లోబడుటయు, శిక్షించు అధికారమును గౌరవించుటయు ఇట్లు ఆమెయందు ఒక్కటిగా కూడినవి. ఆమె తీర్పుతో మనము ఏకీభవింపకపోవచ్చును. దానికి ఆమె తానే వెల చెల్లించెనను మాట మాత్రము కాదనలేము.

క్రొత్త నిబంధనలో మనస్సాక్షియని మనము తర్జుమా చేయు గ్రీకు పదము సునైదేసిస్. ఒకరితో కూడ ఎరిగియుండుట అని దాని మూలార్థము. మనస్సాక్షి యనగా మన ఇష్టము కాదు. మనలను ఎరిగిన వానియెదుట మనమెరిగిన సత్యము. ఇరువది యేండ్లు కొలతలలో చిన్న తప్పును సైతము దాచిపెట్టని స్త్రీ, తన అంతరంగపు కొలతను మాత్రము రెండు పౌనులకు దిద్దుకొనుటకు ఒప్పుకొనలేదు.

చెరసాలలో పగలు ఆమె నేలలు తుడిచెను. అధికారులు అనుమతించుటచేత తెప్పించుకొనిన కాగితములతో తన శాస్త్ర పరిశోధనను కొనసాగించెను. అంతకంటె ముఖ్యముగా తోటి ఖైదీలను చూచెను. దొంగతనము చేసినవారు, వీధులలో దేహము నమ్ముకొనినవారు అచ్చట నుండిరి. చలి, మురికి, స్త్రీలకు అవమానకరమైన ఏర్పాట్లు చూచి, విడుదలయైన పిమ్మట ఆ స్థితిగతులను గూర్చి వ్రాసి ప్రచురించెను. తదుపరి సంవత్సరములలో చెరసాల సందర్శకుల మండలులలో సభ్యురాలై, ఖైదీల క్షేమముకొరకు శ్రమించెను.

చెరసాలకు వెళ్లినందున ఆమె పేరు చెడునని తలంచినవారు ఉండవచ్చును. రెండు సంవత్సరములైన తరువాత, 1945 మార్చి నెలలో, 1660లో స్థాపింపబడిన రాయల్ సొసైటీ తన చరిత్రలో మొదటిసారి స్త్రీలను సభ్యులుగా ఎన్నుకొనెను. ఆ ఇద్దరిలో ఒకరు సూక్ష్మజీవ శాస్త్రజ్ఞురాలైన మార్జరీ స్టీఫెన్‌సన్, రెండవవారు కాథ్లీన్ లాన్స్‌డేల్. 1949లో లండను యూనివర్సిటీ కాలేజీలో ఆచార్య పదవి పొందెను. 1956లో డేమ్ అను బిరుదు స్వీకరించెను. ఆ రాజసభకు తన టోపీని తానే ఇంట కుట్టుకొని వెళ్లెనని ప్రసిద్ధి. ఉల్కాశిలలో కనబడిన ఒక విధమైన వజ్రమునకు 1967లో లాన్స్‌డేలైటు అని పేరు పెట్టిరి. 1968లో బ్రిటిషు విజ్ఞాన సంఘమునకు అధ్యక్షురాలైన మొదటి స్త్రీయు ఆమెయే. ఈ ఘనతల నడుమ ఆమె 1951లో క్వేకరుల బృందముతో సోవియెట్టు దేశమునకు వెళ్లి సమాధానమునుగూర్చి మాటలాడెను. అణ్వాయుధములకు వ్యతిరేకముగా సభలలో నిలిచెను. సమాధానము సాధ్యమా యను ప్రశ్నమీద 1957లో ఒక గ్రంథము వెలువరించెను. చివరి సంవత్సరములలో మూత్రాశయములో పుట్టు రాళ్లను ఎక్స్-కిరణములతో పరిశోధించెను. 1971 ఏప్రిల్ 1వ తేదీన, 68వ యేట, క్యాన్సరు వ్యాధిచేత లండనులో ప్రభువునందు నిద్రించెను.

ఆమె ప్రారంభించిన విద్య నేడు మన దేశమందును విస్తరించినది. ఇందౌరులోని రాజా రామన్న కేంద్రమునందు ఇండస్-2 అను యంత్రము ఎలెక్ట్రానులను వలయములో త్రిప్పి, మిక్కిలి ప్రకాశమైన ఎక్స్-కిరణములను పుట్టించుచున్నది. ట్రాంబేలో 1985లో పనికి వచ్చిన ధ్రువ రియాక్టరునుండి వెలువడు న్యూట్రానులతో పదార్థములను పరిశీలించుచున్నారు. ఎక్స్-కిరణములకు సరిగా చిక్కని హైడ్రోజను పరమాణువు న్యూట్రానులకు చక్కగా కనబడును. దేశమందలి విశ్వవిద్యాలయముల విద్యార్థులు తమ ప్రతిపాదనలు పంపి, అనుమతి పొంది, కేటాయించిన దినములలో రాత్రింబగళ్లు కొలతలు తీసుకొందురు. భిలాయినుండి చదువుకొన వెళ్లు మన పిల్లలకును ఈ తలుపు తెరచియే యున్నది.

అయితే ఆ తలుపులో ప్రవేశించువారు ఒక సంగతి మరువరాదు. ట్రాంబేలో 1960 నుండి 2010 వరకు నడచిన సైరస్ రియాక్టరు విద్యార్థులకు న్యూట్రానులనిచ్చెను; 1974లో పోఖ్రాను పరీక్షకు కావలసిన ప్లుటోనియమును ఇచ్చినదియు అదే. ఒకే కొలిమినుండి నాగలి కర్రును, కత్తియు రాగలవని ఉక్కు నగరపు జనులకు వేరుగా చెప్పనక్కరలేదు. మన శాస్త్రజ్ఞులందరును లాన్స్‌డేల్ నిర్ణయమునే తీసుకొనవలెనని కాదు. దేశరక్షణ విషయమై భక్తిగల క్రైస్తవులలోనే భిన్నాభిప్రాయములు కలవు. కాని నా పని కొలుచుట మాత్రమే, దాని ఫలము నాకు సంబంధించినది కాదు అని చేతులు కడుగుకొనుట విశ్వాసికి చెల్లదు. చేతులు కడుగుకొనిన అధిపతి కథ మనకు తెలిసినదే.

తల్లిదండ్రులారా, మీ కుమార్తె పరిశోధన చేయగోరినయెడల, థామస్ లాన్స్‌డేల్ తన భార్యకు చేసినట్లు మీరును ఆమెకు తోడు నిలువుడి. యౌవనులారా, మీ పట్టికలలో ఒక్క అంకెనైనను అబద్ధముగా వ్రాయకుడి. ప్రయోగశాలలోని సత్యమును, ప్రార్థన గదిలోని సత్యమును వేరుచేయకుడి. కంటికి కనబడని పరమాణువును సైతము క్రమముగా నిలిపిన దేవుడు, మీ అంతరంగమును కూడ తన చిత్తప్రకారము క్రమపరచి, సమాధానకర్తలుగా మిమ్మును నిలుపును గాక. ఆమేన్.