నాన్న తెరిపించిన తలుపు

పద్దెనిమిదేళ్ల వయసు, ఒళ్లో నాలుగు నెలల పాప. భర్త పోయేనాటికి, 1937లో అయ్యలసోమయాజుల లలిత పరిస్థితి ఇదీ. భర్త పోయిన ఆడపిల్లకి జుట్టు తీయించి, ఒంటిపూట తిండి పెట్టి, ఇంట్లో ఓ మూల కూర్చోబెట్టే కాలం అది. అలాంటి పిల్ల మన దేశంలో మొట్టమొదటి మహిళా ఇంజనీర్లలో ఒకరయ్యారంటే, వెనక పుట్టింటి అండ ఎంతుండాలి!

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో ఓ తెలుగు కుటుంబంలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో ఐదో సంతానం. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ఆయనా ఆ రోజుల్లో అందరి తండ్రుల్లాగే మగపిల్లలని ఇంజనీర్లను చేశారు, లలితకి పదిహేనో ఏట పెళ్లి చేశారు. కానీ కూతురు పసిబిడ్డతో తిరిగొస్తే లోకం ఏమంటుందో అని ఆలోచించలేదు. మళ్లీ చదువుకి పంపారు.

క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక ఏం చదవాలి? డాక్టరైతే అర్ధరాత్రి పిలుపొచ్చినా పాపని వదిలి పరుగెత్తాలి. అందుకే అది వద్దనుకున్నారు లలిత. నాన్న, అన్నదమ్ముల దారే నచ్చింది. అయితే గిండీలో అప్పటిదాకా ఆడపిల్లలే లేరు. సుబ్బారావుగారు ప్రిన్సిపాల్ చాకోగారితో, విద్యాశాఖ డైరెక్టరు స్టాథమ్‌తో మాట్లాడి ఒప్పించారు. 1940లో సీటొచ్చింది. పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జి సివిల్లో చేరడంతో ఆమెకి తోడూ దొరికింది. పట్టాల మీద అచ్చయిన ‘అతడు’ని కొట్టేసి ‘ఆమె’ అని చేత్తో రాసివ్వాల్సి వచ్చిందట!

జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ, సిమ్లాలో ఉద్యోగం, కొన్నాళ్లు నాన్న పరిశోధనల్లో సాయం. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. కరెంటు లైన్లు, సబ్‌స్టేషన్ల డిజైన్లు ఆమె పని. భాక్రా నంగల్ ప్రాజెక్టుకీ పనిచేశారు. పాప పెంపకంలో తోడబుట్టినవాళ్ల ఇళ్లు ఆదుకున్నాయి. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సుకి వెళ్లారు. 1977లో రిటైరై, 1979లో కన్నుమూశారు.

పిల్లలు ఏం చదవాలో మనమే తేల్చేస్తుంటాం. సుబ్బారావుగారు మాత్రం తలుపు తెరిపించారు, ఏ గదిలోకి వెళ్లాలో కూతురికే వదిలేశారు. మన ఇళ్లల్లో ఆ రెండో పనే కష్టమనిపిస్తుంది, కాదంటారా?