ఊపిరినే చూసిన డాక్టరు లారీ



ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల మన కుటుంబాలలో ఎవరికైనా పెద్ద ఆపరేషన్ అంటే చాలామంది నెల్లూరు బస్సెక్కుతారు. రోగిని లోపలికి తీసుకొనిపోయి తలుపు మూసిన తరువాత బయట బల్లమీద కూర్చున్నవారి గుండెల్లో మెదిలే భయం మీకు తెలియనిది కాదు. కత్తి గూర్చిన భయం కొంతే. అసలు భయం మత్తు గూర్చి. నిద్రపుచ్చినవారు మళ్ళీ లేస్తారా అని తల్లి జపమాల పట్టుకొని కూర్చుంటుంది.

ఈ భయం కొత్తది కాదు. నూరేళ్ళకు పైగా క్రితం ఈ భయానికి జవాబు వెదకడానికి మన తెలుగు గడ్డమీదనే ఒక పెద్ద పరిశోధన జరిగింది. లోకమంతటి వైద్యులు ఆనాడు హైదరాబాదు వైపు చూశారు. దానిని నడిపించినవాడు డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. ఆయన జీవితాన్ని ఈ వారం మీ ముందుంచుతున్నాను. ఇది విజయగాథ మాత్రమే కాదు. మంచివాడు, తెలివైనవాడు, కష్టజీవి అయిన మనిషి కూడా ఎక్కడ పొరబడగలడో చెప్పే కథ ఇది.

లారీ 1846లో పుట్టారు. ఆయన ఏడాది బిడ్డగా ఉన్నప్పుడే, 1847 నవంబరులో, స్కాట్లాండులోని ఎడిన్‌బరో నగరంలో డాక్టర్ జేమ్స్ సింప్సన్ క్లోరోఫారం అనే ద్రవంతో మనిషిని నిద్రపుచ్చవచ్చునని కనుగొన్నారు. మత్తుమందులు రాకముందు రోగిని నలుగురు పట్టుకొంటే అతడు కేకలు వేస్తుండగానే కాలో చెయ్యో కోసేవారు. ఇప్పుడు గుడ్డమీద కొన్ని చుక్కలు వేసి ముక్కు దగ్గర పెడితే చాలు. ఇది దేవుని వరమని జనం సంతోషించారు.

ఆ సంతోషం మూడు నెలలు కూడా నిలువలేదు. 1848 జనవరి 28న ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలిక, కాలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చి, కొద్ది నిమిషాలలోనే ప్రాణం విడిచింది. ఆ తరువాత అటువంటి మరణాలు అక్కడక్కడా జరుగుతూనే వచ్చాయి. ఎందుకు? ఊపిరి ఆగి చనిపోతున్నారా, లేక గుండె ముందుగా ఆగిపోతున్నదా? వైద్యులు రెండు పక్షాలుగా చీలిపోయారు. ఇది పండితుల వాదన మాత్రమే కాదు సుమా! మత్తు ఇచ్చేవాడు రోగి ఛాతీని చూస్తూ కూర్చోవాలా, నాడి పట్టుకొని కూర్చోవాలా అన్నది ఈ జవాబు మీదనే ఆధారపడి ఉంది.

లారీ ఎడిన్‌బరోలో పేరుమోసిన శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ వద్ద పని నేర్చుకొన్నారు. ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలునన్నది సైమ్ బోధ. శిష్యుడు ఆ మాటను మనసులో నాటుకొని ఇండియాకు వచ్చారు. లాహోరులో పనిచేసి, 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా, అక్కడి వైద్య పాఠశాల అధిపతిగా వచ్చారు. ఆ పాఠశాలే నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం. ఆడపిల్లలు గడప దాటడమే అరుదైన ఆ రోజులలో అక్కడ స్త్రీలు కూడా వైద్యం చదివారు. వారిలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు ఇవ్వడమే వృత్తిగా చేపట్టిన తొలి మహిళా వైద్యులలో ఒకరుగా చరిత్రకెక్కారు.

లారీ తన చేతిమీదుగా, తన విద్యార్థుల చేతిమీదుగా వేలమందికి క్లోరోఫారం ఇప్పించారు. నాడి సంగతి పట్టించుకోనక్కరలేదు, ఊపిరి ఒక్కటే చూడండి అని నేర్పారు. అయితే తన మాట లోకం నమ్మాలంటే రుజువు కావాలి. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వ సహాయంతో 1888లో మొదటి క్లోరోఫారం కమిషన్ ఏర్పడింది. కుక్కలమీద పరీక్షలు జరిపి, ముందు ఊపిరే ఆగుతున్నదని, గుండె ఆ తరువాత ఆగుతున్నదని అది తేల్చింది.

లండనులోని ప్రసిద్ధ వైద్యపత్రిక లాన్సెట్ ఈ ఫలితాన్ని నమ్మలేదు. అప్పుడు లారీ కోరిక మేరకు నిజాము వెయ్యి పౌనులు ఇచ్చి, మీరే ఒక నిపుణుని పంపి చూసుకోమన్నారు. 1889లో డాక్టర్ లాడర్ బ్రంటన్ సముద్రం దాటి వచ్చారు. గుండెకు ప్రమాదమన్న అభిప్రాయంతోనే ఆయన హైదరాబాదులో అడుగుపెట్టారు. రెండవ కమిషన్ కుక్కలు, కోతులు, మేకలు మొదలైన నాలుగు వందలకు పైగా మూగజీవాలమీద పరీక్షలు జరిపింది. చివరకు బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకొని, లారీ పక్షమే సరియైనదని లండనుకు తంతి పంపారు.

అది లారీ జీవితంలో గొప్ప ఘడియ. విరోధిగా వచ్చినవాడే సాక్షిగా నిలిచాడు. ఇక అనుమానానికి తావు లేదని ఆయన ధైర్యంగా ప్రకటించారు. ఇంగ్లండు వైద్యులు కొందరు ప్రయోగాలు చేసి ఎదురు చెప్పినా ఆయన తన మాట మార్చుకోలేదు.

పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మన మెట్టప్రాంతం రైతుకు తెలిసిన సంగతి ఒకటున్నది. పది చోట్ల బోరు వేసి నీరు పడకపోతే, ఆ పది చోట్ల నీరు లేదని చెప్పవచ్చును. పదకొండవ చోట కూడా లేదని ఒట్టు పెట్టి చెప్పగలమా? తత్త్వశాస్త్రం చదివినవారు దీనినే పెద్ద మాటలలో చెబుతారు. ఎన్నిసార్లు చూసినా, చూసినంత మేరకే మనకు తెలుసు. నాలుగు వందల జంతువులలో కనబడనిది ఎక్కడా లేదనడానికి ఆ నాలుగు వందలూ చాలవు.

పదకొండవ బోరు 1911లో పడింది. లండనులో డాక్టర్ గుడ్‌మన్ లెవీ పిల్లులమీద పరీక్షించి కొత్త సంగతి చూపించారు. మత్తు బాగా ఎక్కువైతే ఊపిరి ముందుగా ఆగుతుంది. లారీ చూసింది ఇదే, అది నిజమే. కాని మత్తు తేలికగా ఉన్నప్పుడు ప్రమాదం మరొక దారిన వస్తుంది. భయంతోనో, నొప్పితోనో, పెనుగులాటతోనో ఒంటిలో అడ్రినలిన్ ఒక్కసారిగా పొంగుతుంది. క్లోరోఫారం సోకిన గుండెకు ఆ పొంగు తగిలితే, అది సక్రమంగా కొట్టుకోవడం మాని గిలగిల వణకుతుంది. రక్తం పారదు. క్షణాలలో ప్రాణం పోతుంది. చిన్న గోరు తీయించుకోవడానికి తేలికపాటి మత్తు పీల్చిన హానా వంటివారి మరణాలకు కారణం ఇదే కావచ్చునని ఇప్పుడు చాలామంది భావిస్తారు.

లారీ అప్పటికి బ్రతికే ఉన్నారు. నాలుగేళ్ళ తరువాత, 1915లో కన్నుమూశారు. కాలక్రమేణా క్లోరోఫారం ఆపరేషన్ గదుల నుండి తొలగిపోయింది.

మరి ఈయనను మనం ఎలా తలచుకోవాలి? పొరపాటు చేసినవాడని తోసివేయడం న్యాయం కాదు. మత్తులో ఉన్నవాని ఊపిరి మీద నుండి కన్ను తీయరాదని ఆయన నేర్పిన పాఠం ఎందరి ప్రాణాలనో నిలిపింది. నేటికీ మత్తు డాక్టరు మొట్టమొదట చూసుకొనేది ఊపిరి దారినే. తన మాటను పరీక్షకు నిలబెట్టి, ఎదుటి పక్షంవానిని పిలిపించి చూపించడం కూడా చిన్న గుణం కాదు. ఆయన తప్పిపోయింది ఒక్క చోటనే. ఊపిరి చూడండి అని చెప్పి ఊరుకోక, నాడి చూడనక్కరలేదు అన్నారు. తాను కనుగొన్న సగం సత్యాన్ని పూర్తి సత్యమనుకొన్నారు. ఆ సగానికి, పూర్తికి మధ్య ఉన్న చోట కొందరి ప్రాణాలు పోయి ఉంటాయి.

మన ఇళ్ళలోనూ ఇదే జరుగుతుంది కదా! నా అనుభవంలో ఎన్నడూ అలా జరగలేదు అని ఒక పెద్దమనిషి అంటే, ఆ మాటకు ఎదురుండదు. వినయం అంటే తల వంచుకొని నిలబడడమే కాదు. నేను చూడనిది ఇంకా ఉండవచ్చునని ఒప్పుకోవడం కూడా వినయమే. చదువుకున్నవానికి అది మరీ అవసరం, ఎందుకంటే అతని మాటను నమ్మి ఇతరులు తమ ప్రాణాలు అప్పగిస్తారు.

ఇకమీదట మీవారిని ఆపరేషన్‌కు తీసుకొని వెళ్ళినప్పుడు తలవైపు కూర్చొనే డాక్టరును గమనించండి. ఆయన పక్కనున్న యంత్రం ఊపిరినీ చూపుతుంది, గుండెనూ చూపుతుంది, రక్తంలోని ప్రాణవాయువునూ చూపుతుంది. లారీ పక్షమూ ఎదుటి పక్షమూ నేడు ఆ ఒక్క తెరమీద కలిసి కూర్చున్నాయి. మీరు చేయవలసిన పని కూడా ఒకటున్నది. ఆయన అడిగినవాటికి ఏదీ దాచకుండా జవాబివ్వండి. ఆయాసం, బీపీ, షుగరు, వాడుతున్న మందులు, మునుపు ఏ సూదికైనా ఒళ్ళు దద్దుర్లు వేయడం, కదిలే పన్ను, తాగుడు అలవాటు, ఉదయం తాగిన కాఫీ, అన్నీ చెప్పండి. సిగ్గుపడి దాచినది ఆయనకు కనబడదు. కనబడనిదే ప్రమాదం తెస్తుందని ఈ కథ మనకు నేర్పింది.

అటు తరువాత జపమాల చేతబట్టండి. రోగి కొరకు ప్రార్థించండి. రోగి తలవైపు కూర్చొని ఊపిరినీ నాడినీ కాపు కాస్తున్న ఆ మనిషి కొరకు కూడా ఒక మంగళవార్త జపం చెప్పండి.