లావు తీగ, లోతు స్వరం: వైణికుడు ఈమని శంకరశాస్త్రి

నాన్నకో అమ్మకో బదిలీ అయి ఢిల్లీకి వచ్చిన మనలో చాలామందిమి మొదటి ఆదివారాల్లోనే ఇండియా గేట్, కనాట్ ప్లేస్ చూసి ఉంటాం. కనాట్ ప్లేస్ నుంచి పార్లమెంట్ స్ట్రీట్ వైపు నడిస్తే ఆకాశవాణి భవనం వస్తుంది. దాని ముందునుంచి చాలాసార్లు వెళ్ళాం కానీ, ఢిల్లీ ఆకాశవాణి జాతీయ వాద్యబృందాన్ని ఒకప్పుడు మన తెలుగువారు ఒకరు నడిపించారని మాకు ఈ ఏడాదే తెలిసింది. ఆయనే ఈమని శంకరశాస్త్రి గారు.

ఆయన గురించి తెలుసుకోవడానికి కారణం ఒక ఎలక్ట్రిక్ గిటార్. వార్షికోత్సవానికి మా తరగతి మిత్రుడు ఒక పాట వాయించాలనుకున్నాడు. ఆ పాటకు గిటార్‌ను మామూలు శ్రుతికన్నా బాగా కిందికి దించాలి. బిరడలు తిప్పి తీగలు వదులు చేశాడు. స్వరం దిగింది కానీ తీగ చొక్కా దారంలా వేలాడింది. మీటితే మెట్లకు తగిలి జరజరమంది. గట్టిగా మీటితే శ్రుతి పైకి పోయి మళ్ళీ కిందికి వచ్చింది. గిటార్ పాడైపోయిందని వాడు దిగులు పడ్డాడు. మా బృందంలోనే వీణ నేర్చుకుంటున్న అమ్మాయి ఒకతె వచ్చి చూసి, తప్పు గిటార్‌ది కాదు, తీగది అంది. మరునాడు తన వీణ తెచ్చి నాలుగు తీగలూ మా చేత ముట్టించింది. అక్కడినుంచి మాటలు ఈమని వారి దగ్గరికి వెళ్ళాయి.

శంకరశాస్త్రి గారు 1922లో గోదావరి డెల్టాలోని ద్రాక్షారామంలో పుట్టారు. పంచారామాలలో ఒకటైన భీమేశ్వరాలయం ఉన్న ఊరు అది. తండ్రి ఈమని అచ్యుతరామశాస్త్రి గారు పేరుపొందిన వైణికులు. గురువు ఇంట్లోనే ఉన్నారు కాబట్టి శంకరశాస్త్రి గారికి వీణ నేర్చుకోవడానికి ఎక్కడికీ వెళ్ళవలసిన పని లేకపోయింది.

వీణ నేర్చుకునేవారు మొట్టమొదట తెలుసుకోవలసింది తీగల సంగతే. వీణ మెట్ల మీదుగా నాలుగు తీగలు వెళ్తాయి. వాటి పేర్లు సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పక్కన తాళానికి మరో మూడు తీగలు ఉంటాయి. సారణిని షడ్జానికి, రెండో తీగను దాని కింది పంచమానికి, మంద్రాన్ని కింది స్థాయి షడ్జానికి, అనుమంద్రాన్ని ఇంకా కింది పంచమానికి శ్రుతి చేస్తారు. నాలుగు తీగల పొడవూ దాదాపు ఒకటే. మరి ఒకటి సన్నగా, ఒకటి గంభీరంగా ఎలా పలుకుతాయి?

పదకొండో తరగతి ఫిజిక్స్‌లో తరంగాల పాఠం చదివినవారికి జవాబు తెలుసు. తీగ ఎంత వేగంగా కంపిస్తుందో నిర్ణయించేవి మూడు: పొడవు, బిగువు, బరువు. పొడవు మారనప్పుడు స్వరం దిగాలంటే బిగువైనా తగ్గాలి, బరువైనా పెరగాలి. మేము లెక్క వేసి చూశాం. మంద్రం కంపనాలు సారణి కంపనాల్లో సగం. బిగువు మారకుండా ఉండాలంటే ఆ తీగ బరువు నాలుగు రెట్లు ఉండాలి. అనుమంద్రం కంపనాలు సారణిలో ఎనిమిదింట మూడు వంతులు. దానికి ఏడు రెట్లకు పైగా బరువు కావాలి. అంత లావు ఉక్కు తీగ వేస్తే కడ్డీలా బిర్రబిగుసుకుని వంగదు, నాదం మొద్దుబారుతుంది. అందుకే లోపల సన్నని తీగ పెట్టి, పైన ఇత్తడి లేదా రాగి తీగ చుట్టిన చుట్టుతీగలు వాడతారు. దాంతో బరువూ వస్తుంది, మెత్తదనమూ మిగులుతుంది.

వీణకు సరైన బిగువు ఇంకో కారణంగా కూడా ప్రాణం. వైణికులు ఒకసారి మీటి, తీగను మెట్టు మీద పక్కకు లాగి పై స్వరాలను పలికిస్తారు. గమకం అలా పుడుతుంది. తీగ మరీ వదులైతే లాగినప్పుడు స్వరం నిలకడగా ఉండదు. మరీ బిగువైతే వేలు కోస్తుంది, తీగ తెగుతుంది. శంకరశాస్త్రి గారి వాద్యానికి పేరు తెచ్చింది ఈ గమకమే. మీటుల చప్పుడు తగ్గించి, ఒక్క మీటులో అనేక స్వరాలు సాగదీసి, మనిషి పాడుతున్నట్టు వీణను పలికించేవారు. అది తీగనూ వేలినీ ఏళ్ళ తరబడి సాధన చేస్తేనే వచ్చే విద్య.

చదువు తరువాత ఆయన మద్రాసు వెళ్ళి జెమినీ స్టూడియో సంగీత విభాగంలో పనిచేశారు. అక్కడ పని కచేరీ లాంటిది కాదు. కచేరీలో ఒక రాగాన్ని గంటసేపు విస్తరించవచ్చు. సినిమాలో కొద్ది క్షణాల్లోనే దుఃఖమో, వర్షమో, పరుగో వినిపించాలి. చుట్టూ వయొలిన్లు, వేణువులు, పాశ్చాత్య వాద్యాలు ఉంటాయి. ఏ వాద్యం ఏ స్థాయిలో పలికితే మిగతావాటిని మింగేయకుండా ఉంటుందో చూసుకోవాలి. సంప్రదాయ వైణికుల ఇంటినుంచి వచ్చిన ఆయన ఆ పనిని చిన్నచూపు చూడలేదు. అక్కడ నేర్చింది తరువాత అక్కరకొచ్చింది. కాకినాడలో పుట్టి వీణ చిట్టిబాబుగా దేశమంతా పేరు పొందిన చిట్టిబాబు గారు ఆయన శిష్యులే.

తరువాత ఆయన ఆకాశవాణిలో చేరారు. మద్రాసులో పనిచేసి ఢిల్లీకి వచ్చారు. ఆకాశవాణి వాద్యవృందం 1952లో ఢిల్లీలో మొదలైంది. పండిట్ రవిశంకర్, టి.కె. జయరామ అయ్యర్ గార్లు దాని తొలి నిర్వాహకులు. హిందుస్తానీ, కర్ణాటక విద్వాంసులు ఒకే గదిలో కూర్చుని ఒకే రచన వాయించే బృందం అది. అలాంటి బృందానికి శంకరశాస్త్రి గారు రచయితగా, నిర్వాహకుడిగా పనిచేశారు. ఆయన స్వరపరచిన వాటిలో ఆదర్శ శిఖరారోహణం ప్రసిద్ధం. పర్వత శిఖరాన్ని ఎక్కే మనిషి ప్రయత్నాన్ని మాటలు లేకుండా వాద్యాలతోనే చెప్పిన రచన అది. 1973కు గాను ఆయనకు సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది.

ఢిల్లీలో వీణ ఉంచుకోవడం ఎంత కష్టమో మా మిత్రురాలు చెబితే తెలిసింది. వీణకు 24 మెట్లు ఉంటాయి. వాటిని మైనంలో అమరుస్తారు. మే, జూన్ ఎండలకు మైనం మెత్తబడితే మెట్లు కదిలి అపశ్రుతులు పలుకుతాయి. చలికాలపు పొడిగాలికి కొయ్య ముడుచుకుని బిరడలు జారతాయి. వానాకాలంలో అవే బిరడలు ఉబ్బి తిరగవు. గోదావరి గాలికి అలవాటుపడిన పనసకొయ్య వీణను ఇక్కడ ఋతువుకోసారి కనిపెట్టుకుని ఉండాలి. ఊరు మారినప్పుడల్లా కొత్త స్కూలుకు, కొత్త స్నేహితులకు, కొత్త భాషకు సర్దుకునే మనకు ఆ కష్టం కొంత అర్థమవుతుంది.

ఇప్పుడు మా మిత్రుడి గిటార్ సంగతి. వీణ దగ్గర నేర్చిన లెక్కనే దానికీ వేశాం. ఎలక్ట్రిక్ గిటార్ తీగల సెట్టులో ఆరో తీగ మామూలుగా 0.046 అంగుళం మందం ఉంటుంది. దాన్ని ఈ స్వరానికి శ్రుతి చేస్తారు. అంటే సెకనుకు సుమారు 82 కంపనాలు. మా వాడు దాన్ని బి స్వరానికి, అంటే సుమారు 62కు దించాడు. అప్పుడు తీగ బిగువు నూటికి 56 వంతులకు పడిపోయింది. జరజరమనడంలో వింత లేదు. పాత బిగువే ఉండాలంటే అదే రకం తీగ మందం సుమారు 0.061 అంగుళం కావాలి. డి వరకు మాత్రమే దించేవారికి 0.052 సరిపోతుంది. తీగ పొడవు ఎక్కువున్న గిటార్‌కు కొంచెం సన్నని తీగ చాలు, పొట్టిదానికి ఇంకొంచెం లావు కావాలి.

లావు తీగ కొనగానే పని అయిపోదు. గిటార్ మెడ చివర తీగ కూర్చునే గాడి సన్నదైతే లావు తీగ అందులో ఇరుక్కుంటుంది. గాడిని జాగ్రత్తగా రాపించాలి. మెడ వంపునూ, పై మెట్ల దగ్గర స్వరశుద్ధినీ మళ్ళీ సరిచూడాలి. ఇవి తెలిసినవారి చేత చేయించడం మంచిది. మొదట్లో వేళ్ళు నొప్పి పుడతాయి. మా వాడు రెండు వారాలు వేళ్ళకు టేపు చుట్టుకుని తిరిగాడు. కానీ వార్షికోత్సవం నాడు ఆ లోతు స్వరం హాలు వెనుక వరుస దాకా స్పష్టంగా వినిపించింది. వాడు ముగించాక అదే వేదిక మీద మా మిత్రురాలు వీణ వాయించింది. అనుమంద్రం మీద ఆఖరి పంచమం మోగినప్పుడు, ముందు వరుసలో కూర్చున్న మా వాడు దాన్ని గుర్తుపట్టి మా వైపు తిరిగి చూశాడు.

శంకరశాస్త్రి గారు 1987లో కన్నుమూశారు. ద్రాక్షారామం, మద్రాసు, ఢిల్లీ అంటూ ఆయన ఊళ్ళు మారారు, పనులు మారారు, పక్కన కూర్చునేవారు మారారు. చేతిలోని వీణ మాత్రం మారలేదు. కొత్త చోట శ్రుతి మార్చుకోవలసి వస్తే తీగను వదులు చేస్తే చాలదని, దానికి తగిన బరువు సంపాదించుకోవాలని ఆ వీణ దగ్గర మేము నేర్చుకున్నాం. బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు మన సామాన్లలో తెలుగు వాచకం ఉండాలా వద్దా అని ఇంట్లో మాట వస్తే, ఉండాలనే మేము చెబుతాం. ఈసారి పార్లమెంట్ స్ట్రీట్ వైపు వెళ్ళినప్పుడు ఆ భవనం ముందు ఒక్క నిమిషం ఆగండి.